దొరగారి గాలం వయసెంత?

మా ఇంట్లో ఒక కథ ఉంది. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టించిన దొర, పని నచ్చి మా ముత్తాత వాళ్ల నాన్నకి తన గాలపు కర్ర ఇచ్చేశాడట. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నాన్న ఆ మూడు ముక్కల కర్రని చూపించి మరీ చెప్తాడు. కాలేజీలో నేనూ చెప్పాను. మా తాతలు నేతులు తాగారన్న బాపతే.

క్రిందటేడు దానికి కొత్తగా వార్నిష్ వేద్దామని గరుకు కాగితం కొన్నాను. గీకే ముందు, అసలు దీని వయసెంతో తేల్చాలనిపించింది. బగ్ వెతికినట్టే: కిందిహద్దు, పైహద్దు పట్టుకుని మధ్యలో దూరాన్ని తగ్గించుకుంటూ పోవడం.

మొదటి దెబ్బ ఆనకట్టకే తగిలింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో ఆ పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. మా కర్రేమో గుండ్రని వెదురు కాదు. వెదురుని బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దని ముక్కోణంగా చెక్కి, ఆరింటిని కలిపి అతికించారు. అడ్డంగా చూస్తే షడ్భుజి. అమెరికాలో శామ్యూల్ ఫిలిప్ 1840లలోనే బద్దలతో కర్రలు చేశాడు గానీ, ఆరు బద్దల కర్రలు బజారులో నిలదొక్కుకున్నది 1870లలో, హైరమ్ లెనర్డ్ లాంటి వాళ్ల చేతుల మీదుగా. అంటే కథలోని దొర దగ్గర ఈ కర్ర ఉండే అవకాశం దాదాపు లేదు.

రెండోది వెదురు. తొలి రోజుల్లో వాడింది మన దేశం నుంచి వెళ్లిన 'కలకత్తా కేన్'. దాని మీద చాలాసార్లు కాల్చిన నల్ల మచ్చలుంటాయి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో దక్షిణ చైనా నుంచి వచ్చిన 'టోన్‌కిన్' వెదురు దాన్ని పక్కకి నెట్టేసింది. మా కర్ర మీద ఒక్క మచ్చ కూడా లేదు. కణుపుల మధ్య దూరం కూడా ఎక్కువే. టోన్‌కినే అయ్యుండాలి.

మూడోది పట్టుదారం. కర్ర పొడుగునా దగ్గర దగ్గరగా కట్లున్నాయి. పాత జంతు జిగురు తడికి వదిలేస్తుంది, అందుకే ఈ కట్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి తడికి తట్టుకునే రెజిన్ జిగుళ్లు వచ్చాక వీటి అవసరం తగ్గింది. అందం కోసం ఆ తర్వాతా వేశారు కాబట్టి ఇది గట్టి సాక్ష్యం కాదు. మొత్తమ్మీద 1910కీ 1950కీ మధ్యది అనుకోవచ్చు.

ఇంకో సంగతి. రీలు బిగించే చోటు పిడికి కింద, చివర ఉంది. అంటే ఇది ఫ్లై రాడ్. ఈకలతో కట్టిన, బరువే లేని ఎరని దారం బరువుతో విసిరే కర్ర. చల్లటి ఏటి నీళ్లలో ట్రౌట్ కోసం పుట్టింది. బురద నీళ్ల రైవస్ కాలవలో, వానపాముని గుచ్చి జెల్లల కోసం కూచునే వాడికి దీంతో పనేముంది? ఏ దొర ఇచ్చాడో గానీ, ఇక్కడ పనికిరాదనే ఇచ్చేసి ఉంటాడు!

గరుకు కాగితం పక్కన పడేశాను. నేను చదివిన సాక్ష్యాలన్నీ ఆ పైపూత కింద, ఆ దారాల్లోనే ఉన్నాయి. గీకితే అవీ పోతాయి. వార్నిష్ పగిలి వెదురు బయటపడితే తప్ప ముట్టుకోకూడదు.

మిగతా జాగ్రత్తలు చిన్నవే. తడి గుడ్డసంచిలో పెట్టి గొట్టంలో మూసేస్తే, మన ఉక్కపోతకి బూజు పడుతుంది, వార్నిష్ పొక్కుతుంది. గోడకి ఆనిస్తే వంగిపోయి అలాగే ఉండిపోతుంది. ఆరిన సంచిలో నిలువుగా వేలాడదీయాలి. ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. జాయింట్లు విడదీసేటప్పుడు మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి.

నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే బ్యారేజీ కట్టినప్పటిదేమో!" అన్నాడు. ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో, అప్పటికి దొరలు వెళ్లిపోయారు. ఆ మాట నేను అనలేదు. సంచికి ఒక చీటీ మాత్రం కట్టాను: '1910-1950, టోన్‌కిన్ వెదురు, ఇచ్చినవారు తెలియదు.' మొన్న చుట్టాలొస్తే నాన్న కథ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి "ఆనకట్ట కట్టిన దొర" అనలేదు, "ఎవరో దొర" అన్నాడు.