విడాకులు పొందిన తల్లిదండ్రులు – ఆదాయపు పన్ను (అమెరికా)

విడిపోయిన తల్లిదండ్రులలో బిడ్డను డిపెండెంట్‌గా ఎవరు చూపుకోవాలి, ఎవరు ఏ హోదాతో రిటర్ను వేయాలి అన్నవి తేల్చే అమెరికా సమాఖ్య నిబంధనలివి. డిపెండెంట్ విషయంలో పన్ను చట్టం 152(ఇ) సెక్షను ఆధారం. పెళ్లయినవారా కాదా అన్నది డిసెంబరు 31 నాటి స్థితిని బట్టి చూస్తారు. ఆనాటికి విడాకుల తుది డిక్రీ వచ్చి ఉంటే ఆ ఏడాదంతా ఒంటరి కిందే లెక్క.

తొలి చట్టాలు

1913 నాటి చట్టం ఒంటరివారికి 3,000 డాలర్లు, కలిసి కాపురముంటున్న దంపతులకు 4,000 డాలర్లు మినహాయించింది. పిల్లల మాట ఎత్తలేదు. 1917లో యుద్ధ ఖర్చుల కోసం ఆ మినహాయింపులు కుదించి, 18 ఏళ్లలోపు బిడ్డకు 200 డాలర్ల చొప్పున కలిపారు. తర్వాతి పాతికేళ్లలో ప్రధానంగా అంకెలే మారాయి. 1944లో తలకు 500 డాలర్ల పద్ధతి, దానితోపాటు పోషణలో సగానికి మించి భరించినవారికే డిపెండెంట్ అన్న షరతు వచ్చాయి.

దంపతుల ఆదాయాన్ని చెరిసగం చేసి పన్ను కట్టే వెసులుబాటు 1948లో దేశమంతటికీ దక్కింది. జోడీ లేకుండా ఇల్లు నడిపేవారికి అది అందలేదు. 1951 చట్టం తెచ్చిన ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ హోదా వారికి అందులో సుమారు సగం లాభం ఇచ్చింది.

రసీదుల కాలం (1944–1984)

సగానికి మించి పోషించిందెవరు? ఒకే ఇంట్లో ఉన్నంతకాలం ఎవరికీ పట్టని ఈ ప్రశ్న విడాకుల తర్వాత తగాదాగా మారింది. తల్లి ఇంట్లో బిడ్డ వాడుకునే చోటుకు అద్దె విలువ కట్టాలి. తిండి, బట్టలు, పళ్ల డాక్టరు ఫీజు కూడాలి. తండ్రి పంపిన చెక్కులను దాని పక్కన పెట్టి తూచాలి. ఒకరి ఖర్చు మరొకరికి తెలియదు, చెప్పరు కూడా. ఇద్దరూ అదే బిడ్డను తమ రిటర్నుల్లో రాసేవారు.

1967లో కాంగ్రెస్ జోక్యం చేసుకుంది. బిడ్డ ఎవరి కస్టడీలో ఉంటే పోషణ వారిదేనని ముందుగా అనుకోవాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి. హక్కు రెండో వారిదని డిక్రీలోనో రాతపూర్వక ఒప్పందంలోనో ఉండి, వారు కనీసం 600 డాలర్లు ఇచ్చి ఉండడం ఒకటి. వారు 1,200 డాలర్లో అంతకు మించో ఇవ్వగా, కస్టడీదారు తన ఖర్చే ఎక్కువని స్పష్టంగా నిరూపించలేకపోవడం రెండోది. పిల్లలెందరున్నా ఈ 1,200 మొత్తం ఒక్కటే. 1976లో దాన్ని తలకు లెక్కగా మార్చారు. ఎదుటివారి నుంచి పద్దుల వివరం అడిగే హక్కు కూడా 1967 చట్టమే ఇచ్చింది. మాటలే లేని మాజీ దంపతులు పద్దులు మార్చుకుంటారని ఆశించడం కొంత అమాయకత్వమే. ఫలానా ఇంట్లో ఎవరెంత పెట్టారో తేల్చే పని పన్ను శాఖ (ఐఆర్‌ఎస్) నెత్తిన పడింది. ఖజానాకు పెద్దగా ఒరిగేది లేని తగువుల్లో ప్రభుత్వం మధ్యవర్తి అవుతోందని చట్టసభ నివేదికే ఒప్పుకుంది.

1984 చట్టం ఈ చిక్కును తెలివిగా విప్పింది. 1985 నుంచి హక్కు కస్టడీదారుది. వదులుకుంటే సంతకంతో వదులుకోవాలి. అందుకు వచ్చిందే ఫారం 8332. బిడ్డ పేరు, సంవత్సరం, సంతకం, సోషల్ సెక్యూరిటీ నంబర్లు: ఒక్క కాగితంతో రసీదుల కట్టలు చాలావరకు అటకెక్కాయి.

తర్వాతి మార్పులు

1986 సంస్కరణతో అయిదేళ్లు నిండిన డిపెండెంట్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాయడం తప్పనిసరైంది. మరుసటి ఏడాది రిటర్నుల్లో సుమారు 70 లక్షల మంది డిపెండెంట్లు తగ్గిపోయారు. 1998లో పిల్లల పన్ను క్రెడిట్ మొదలైంది. 2008 నిబంధనలు కస్టడీని రాత్రుల లెక్కకు తెచ్చాయి: బిడ్డ ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటే వారే కస్టడీదారు, సమానమైతే ఆదాయం ఎక్కువున్నవారు. 2008 తర్వాతి డిక్రీలు ఫారానికి బదులుగా చెల్లవు. భరణం సక్రమంగా కట్టినా మాజీ భార్య సంతకం పెట్టలేదన్న తండ్రి వాదనను 2012లో పన్ను న్యాయస్థానం ఒప్పుకోలేదు.

2018లో డిపెండెంట్ మినహాయింపు సున్నా అయింది. 2025 చట్టం దాన్ని శాశ్వతం చేసి, క్రెడిట్‌ను 2,200 డాలర్లకు పెంచింది. సంతకంతో చేతులు మారేది ముఖ్యంగా ఈ క్రెడిటే. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా, ఆర్జిత ఆదాయపు క్రెడిట్ కస్టడీదారు దగ్గరే ఉంటాయి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు గమనించవలసింది ఒకటుంది. ఏడాదిలో సగానికి పైగా తల్లిదండ్రులిద్దరిలో ఎవరి కస్టడీలోనూ లేకుండా, గుంటూరులోనో వరంగల్‌లోనో అమ్మమ్మ సంరక్షణలో పెరుగుతున్న బిడ్డకు 152(ఇ) ప్రత్యేక నియమం వర్తించదు. ఫారం 8332 మీద సంతకం చేసినా ప్రయోజనం ఉండదు.