ఎండ్రకాయ అనబడిన చిత్రకారుడు

17వ శతాబ్దమున ఐరోపాలో చిత్రకారులు తోటి చిత్రకారుల రూపములను రాగిరేకులపై చెక్కి అచ్చొత్తుట వాడుకగా ఉండెను. ఆంట్వెర్ప్ నగరవాసియైన వాన్ డైక్ అట్టి పటములను వరుసగా వేయించెను. వాటిలో నున్నవారందరు చక్కని చేతులు గల దొరలవలె కనబడుదురు. నేను మీకు చూపగోరునది వేరొక పటము. 1647 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ చేసినది.

అందులోనివాడు యాన్ ఆసెలైన్, ప్రకృతి దృశ్యములు వ్రాయువాడు. అతడు పొట్టివాడు, ఎడమచేయి వంకరపోయినది. యౌవనమున రోమునకు వెళ్లగా, అచ్చటి నెదర్లాండ్సు చిత్రకారుల సంఘమువారు అతనికి 'క్రాబెట్యే', అనగా 'చిన్న ఎండ్రకాయ' అని పేరుపెట్టిరి. చేరిన ప్రతివానికిని ఒక మారుపేరు పెట్టుట వారి ఆచారమే, అందులో ద్వేషమేమున్నదని మీరనవచ్చును. అవిటితనమే పేరైపోయిన మనుష్యుని ఒక్కని నెరిగినను అంత తేలికగా అనలేరు.

రేకునకు మైనపుపూత పూసి, సూదితో గీసి, ఆమ్లములో ఉంచగా, గీచినంత మేర రాగి తినివేయబడును. ఆ గాడులలో సిరా నింపి, తడికాగితము నదిమి అచ్చుతీయుదురు. రెంబ్రాంట్ ఈ రేకుపై వట్టిసూదితోను ఉలితోను మరికొన్ని గీతలు చేర్చెను.

పటములో ఆసెలైన్ ఎత్తైన టోపీ పెట్టుకొని మనవైపే చూచుచున్నాడు. ప్రక్కన బల్లమీద రంగులపలక, పుస్తకములు ఉన్నవి. వంకరచేయి మాత్రము కంటబడదు. దాని కొరకు పడిన పాట్లును కనబడవు.

మొదటి అచ్చులలో అతని వెనుక పటము నిలుపు కొయ్యచట్రము, దానిమీద ఒక ప్రకృతి దృశ్యము ఉండెను. తరువాత రెంబ్రాంట్ రేకును గీకి, నునుపుచేసి వాటిని తీసివేసెను. రాగిమీది గీత చెరపుట ఎంత శ్రమయో అచ్చుపని యెరిగినవారికి తెలియును. ఆ చిత్రము మన కన్నును అతని ముఖమునుండి లాగివేయుచుండెనని నా తలంపు. రోములోని స్నేహితులు ముందు చేతిని చూచిరి. ఇతడు చేతిని విడిచి, వ్రాసిన పటమునుకూడ తొలగించి, మనుష్యుని నిలిపెను. వృత్తికి గురుతుగా రంగులపలక మిగిలెను, అది చాలును.

ఆసెలైన్ 1652లో మరణించెను. తన గూటిని కాచుకొనుచు, రెక్కలు విప్పి కుక్క నెదిరించు హంసను అతడు 1650 ప్రాంతమున చిత్రించియుండెను. 1800లో హాలండు జాతీయ చిత్రశాలకు మొట్టమొదట కొన్నది ఆ హంసనే. నేడది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియములో ఉన్నది. రెంబ్రాంట్ చేసిన ఈ పటపు అచ్చును అచ్చటనే ఉన్నది.