బసివి పడిన తీరు

బసవన్న అంటే చేతులెత్తి మొక్కుతాం. బసప్ప, బసవరాజు, బసమ్మ అని బిడ్డలకు పేర్లు పెట్టుకుంటాం. రాయదుర్గం, కళ్యాణదుర్గం పల్లెల్లో రోజూ చెవిన పడే పేర్లివి. అదే వేరున పుట్టిన ‘బసివి’ని మాత్రం కోపం తలకెక్కినప్పుడు ఆడమనిషి మీద రాయిలా విసురుతాం.

సంస్కృత వృషభమే కన్నడనాట బసవ అయింది. దేవుడి పేర ముద్ర వేసి ఊరి మీదికి వదిలిన ఆబోతు బసవన్న. అది ఎవరి చేలో మేసినా అదిలించేవాడుండడు. మగబిడ్డ లేని బోయ, మాదిగ, మాల ఇళ్ళు కొన్ని కూతురిని కూడా అలాగే వదిలాయి. ఎల్లమ్మకో హులిగెమ్మకో మొక్కి, మెడలో తాళి కట్టించాయి. ఆ కూతురే బసివి. దేవుడి పెండ్లాం మనిషికి పెండ్లాం కారాదు. పుట్టింట్లోనే ఉండిపోవాలి.

ఉండి, ఆమె కొడుకయ్యేది. తండ్రి చేనుకు వారసురాలు. తండ్రి పోతే కర్మ చేసేది ఆమే. ఆమె కన్న బిడ్డలు తాత ఇంటిపేరు మోసేవాళ్ళు. అనంతపురం 1882 దాకా, రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ సీమ బసివుల గురించి 19వ శతాబ్దం చివర్లో ఫాసెట్ అనే ఆంగ్లేయ అధికారి వ్యాసం రాశాడు. దేవుడికి అంకితమై మగవాళ్ళ హక్కులు పొందే స్త్రీలని వ్యాసం పేరులోనే చెప్పాడు. 1909లో థర్‌స్టన్ కూడా తన కులాల గ్రంథంలో ఈ సంగతి రాశాడు.

దాన్ని మంచికాలమని నేననను. తాళి కట్టేముందు ఆ పసిపిల్లను అడిగినవాళ్ళు లేరు. అయినా ఆ మాటలో అప్పుడొక ఇల్లుంది, ఒక చేనుంది, చచ్చిన తండ్రికి నీళ్ళు వదిలే అధికారముంది.

ఆ చేను ఎలాంటిది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల. 1876-78 కరువు బళ్ళారి సీమను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. పంట లేని చేనుకు వారసురాలైతే ఒరిగేదేముంది? కొడుకన్న హోదాకు విలువ లేకుండా పోయింది. ఆమెను ఎవరైనా చేరవచ్చునన్న ఊరి లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. మాట పతనం ఇక్కడే జరిగిందని నేను నమ్ముతాను. ఆమె గడప తొక్కిన ఆసాములకు ఏ పేరూ పడలేదు. పరువు వాళ్ళకు మిగిలింది, పేరు ఆమెకు అంటుకుంది.

‘సాని’కీ ఇదే గతి పట్టింది. స్వామిని నుంచి వచ్చిన మాట అది. కాకతీయుల నాటి శాసనాల్లో గుడిసానులు పరువుగల ఇళ్ళ ఆడపడుచులు, గుళ్ళకు దానాలు రాసిచ్చినవాళ్ళు. దొరసానిలో ఆ మర్యాద ఇంకా ఉంది. దొర పక్కన లేని సాని తిట్టయింది.

దేవదాసీ అంకితాన్ని మద్రాసు చట్టం 1947లోనే నిషేధించింది. అయినా మొక్కులు ఆగలేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పాలిచ్చింది. బసివి తన బతుకంతా ధారపోసి పొందిన హక్కు ఏ మొక్కూ లేకుండా ఆ ఆడపిల్లలకు వచ్చింది. ఎంత ఆలస్యంగా వచ్చింది! రెండేళ్ళకు, 1988లో, రాష్ట్రం మళ్ళీ చట్టం చేసి, ఏ పేరుతో పిలిచినా ఆడపిల్లను దేవుడికి వదలడం నేరమంది.

అప్పటికే తాళి పడినవాళ్ళు ఆ పేరుతోనే ముసలివాళ్ళయ్యారు. బడిలో తండ్రి పేరేమిటని అడిగితే వాళ్ళ పిల్లలు తల వంచుకున్నారు. తగవొస్తే ఊరు వాళ్ళను ‘బసివి కొడకా’ అంది. తాత ఇంటిపేరు నిలపడానికని కన్న బిడ్డలు వాళ్ళు.