సుబేదారు పదవి



మా గుంతకల్లు రైలు కూడలిలో సెలవుపై దిగు సైనికులనందఱిని మన గ్రామస్థులు 'మిలిటరీవారు' అని యొక్క పేరుతోనే పిలుతురు. వారి భుజములను పరికించినచో ఒక భేదము కానవచ్చును. రెండు నక్షత్రములు మాత్రమే ధరించిన యువకుడు లెఫ్టినెంటు. ఆ రెండు నక్షత్రములతోపాటు ఎఱుపు పసుపుల పట్టీ యున్న నడివయస్కుడు సుబేదారు. ఆ సన్నని పట్టీ వెనుక రెండువందల యేండ్లకు మించిన కథ కలదు.

తొలుత మాటను విచారింతము. మొగలాయీల పాలనమున సుబా యనగా రాష్ట్రము. సుబేదారు దాని పాలకుడు. హైదరాబాదు నిజాము సైతము దక్కను సుబేదారే. తూర్పిండియా కంపెనీ కొలువులో ఆ పేరు నూఱుమంది సిపాయీల పెద్దకు వచ్చెను. 'నాయకు' పదము గతి యింతకంటె హీనము. మన సీమలో నాయకులనగా కోటలేలిన పాలెగాండ్రు. పటాలములో నాయకు సుబేదారునకు, జమాదారునకు, హవల్దారునకు గూడ లోబడినవాడు. పెద్ద పేరు పెట్టి చిన్న యధికార మిచ్చుట కంపెనీవారి నేర్పని నా తలంపు.

ఆ కొలువులో తెలుగువారు మొదటినుండియు గలరు. 1756లో క్లైవు వెంట వంగదేశమునకు వెళ్లిన మదరాసు సిపాయీలను అచ్చటివారు 'తిలంగాలు' అనిరి. పిదప ఉత్తరదేశమున ఏ ప్రాంతపు సిపాయియైనను తిలంగాయే యయ్యెను.

తొలినాళ్లలో ఆంగ్లాధికారులు కొలదిమంది యగుటచే సుబేదారునకు పలుకుబడి యుండెను. 1796 సంస్కరణములలో వారి సంఖ్య పెరిగెను. ఇతని పని కుంచించుకొనిపోయెను. ముప్పదియేండ్లు కొలిచి తలనెఱసిన సుబేదారైనను నిన్న ఓడ దిగిన ఆంగ్లబాలుని యాజ్ఞకు లోబడవలసినదే. ఆ బాలుని పదవికి ఎక్కు మెట్టు ఇతనికి లేదు.

దాని ఫలము 1806లో వేలూరున గానవచ్చెను. నుదుట మతచిహ్నములు, చెవిపోగులు కూడవనియు, గడ్డము గీయవలెననియు, తోలు తురాయి గల క్రొత్త తలపాగా ధరింపవలెననియు ఉత్తరువులు పుట్టెను. సిపాయి తన బాధను సుబేదారుతో మొఱపెట్టుకొనును. సుబేదారు ఎవ్వరితో మొఱపెట్టుకొనవలెను? జూనులో ముస్తఫా బేగు అను సిపాయి, కుట్ర జరుగుచున్నదని కర్నలు ఫోర్బ్సునకు దెలిపెను. ఆయన ఆ విచారణను స్వదేశీయాధికారులకే యొప్పగించెను. వీడు పిచ్చివాడని వారు చెప్పగా ముస్తఫాను బంధించిరి. జూలై 10వ తేదీని తెల్లవాఱక మునుపే కోటలో తుపాకులు మ్రోగెను. సిపాయీల మనస్సు నెఱిగినవారు ఆ యధికారులే. ఆ యెఱుకను దొరలకు జెప్పుటకు వారికి మనస్సొప్పలేదు.

1807లో గవర్నరు బెంటింకును, సేనాపతి క్రాడకును పదవులనుండి వెనుకకు బిలిపింపబడిరి. ముస్తఫా బేగునకు రెండువేల వరహాలును, సుబేదారు పింఛనును లభించెను!

1837లో కంపెనీవారు 'సర్దార్ బహదూర్', 'బహదూర్' అను బిరుదములను కల్పించిరి. బిరుదము పెరిగెనే గాని యధికారము పెరుగలేదు. 1932లో డెహరాడూనున సైనిక విద్యాలయము వెలసి, భారతీయ యువకులు ఆఫీసరులగుచుండినను, సుబేదారు పంక్తి వేఱుగనే నిలిచెను. స్వాతంత్ర్యానంతరము వైస్రాయి పట్టా పేరు పోయి, జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు అను పేరు వచ్చెను. 1965లో జమాదారు నాయబు సుబేదారయ్యెను. నేడు సిపాయిగా చేరినవాడు పరీక్షలలో నెగ్గి ఆఫీసరగుటకు మార్గము కలదు. ఆఫీసరులు సుబేదారును 'సాహెబ్' అని మన్ననతో బిలుతురు. అయినను ఆ యువ లెఫ్టినెంటు ఎదురైనపుడు మొదట చేయి యెత్తి వందన మాచరింపవలసినది సుబేదారే.