పారిశ్రామిక రేడియోగ్రఫీలో రక్షణ కవచాలు

పైపులైన్లు, బాయిలర్లు, నౌకల వెల్డింగ్ అతుకుల్లో దాగిన లోపాలను గామా కిరణాలతో ఫిల్ముపై పట్టే పద్ధతి పారిశ్రామిక రేడియోగ్రఫీ. ఇందులో సిబ్బందికి తగిలే రేడియేషన్ మోతాదును తగ్గించడానికి కిరణాలు వెలువరించే రేడియోధార్మిక సోర్స్‌కూ మనిషికీ మధ్య అడ్డుగా ఉంచే బరువైన పదార్థమే రక్షణ కవచం.

ఎక్కువగా వాడే సోర్స్ ఇరిడియం-192; దీని అర్ధాయుష్షు దాదాపు 74 రోజులు. 40 క్యూరీల ఇరిడియం నుంచి మీటరు దూరంలో అడ్డేమీ లేకుండా నిలబడితే గంటకు సుమారు 190 మిల్లీసీవర్టులు తగులుతాయి. అంటే ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులన్న వృత్తి పరిమితి ఆరేడు నిమిషాల్లో నిండిపోతుంది.

ఏ కవచమూ గామా కిరణాలను పూర్తిగా ఆపదు, పలచబరుస్తుంది. తీవ్రతను సగానికి తగ్గించే మందాన్ని అర్ధ విలువ మందం అంటారు. ఇరిడియం-192కు ఇది సీసంలో సుమారు 5 మిల్లీమీటర్లు, కాంక్రీటులో 45 దాకా. కోబాల్ట్-60 కిరణాలకు శక్తి ఎక్కువ కాబట్టి సీసమే 12 మిల్లీమీటర్ల పైన కావాలి. ఇలాంటి పొరలు పది వేస్తే తీవ్రత 1,024వ వంతుకు పడిపోతుంది. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో తొడిగే అర మిల్లీమీటరు సీసపు ఆప్రాన్ మాత్రం ఇరిడియం కిరణాల్లో ఏడు శాతాన్నైనా ఆపడం కష్టం. సైటులో దాన్ని నమ్ముకోవడం ఉత్త భ్రమ.

సోర్స్‌ను దాచే పరికరాన్ని పనివాళ్లు కెమెరా అంటారు. చాలా కెమెరాల్లో కవచం డిప్లీటెడ్ యురేనియం. సీసం కన్నా సాంద్రత ఎక్కువ కనుక పెట్టె చిన్నదవుతుంది. ఆ యురేనియం తానే స్వల్పంగా రేడియోధార్మికం కావడంతో ఖాళీ కెమెరాను కూడా మామూలు సామానులా పంపకూడదు. లోపలి గొట్టాన్ని తరచు ‘ఎస్’ ఆకారంలో వంచుతారు. కిరణాలు తిన్నగా పోతాయి కాబట్టి, మధ్యలో ఉన్న సోర్స్ నుంచి బయటికి సూటి దారి దొరకదు.

ఫొటో తీయడానికి కేబుల్ తిప్పి సోర్స్‌ను గైడ్ ట్యూబ్ అనే గొట్టం గుండా బయటికి తోసిన క్షణం నుంచి ఆ పెట్టె సిబ్బందికి అక్కరకు రాదు. అప్పుడు ఆధారం ఫిల్ము వైపు మాత్రమే తెరుచుకునే టంగ్‌స్టన్ కొలిమేటర్, దూరం, తక్కువ సమయం. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది.

శాశ్వత గదుల్లో మందపాటి కాంక్రీటు గోడలు కడతారు, ప్రవేశ ద్వారానికి మలుపుల దారి పెడతారు. కప్పు లేకపోతే పైకి పోయిన కిరణాలు గాలిలో చెదిరి గోడ అవతల దిగుతాయి.

కేబుల్ వెనక్కి తిప్పినంత మాత్రాన సోర్స్ లోపలికి చేరిందనుకోకూడదు. ఒక్కోసారి గైడ్ ట్యూబ్‌లోనే చిక్కుకుపోతుంది. అందుకే ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాత రేడియేషన్‌ను కొలిచే సర్వే మీటర్ పట్టుకుని కెమెరానూ, ట్యూబ్‌నూ చివరిదాకా పరీక్షించడం తప్పనిసరి.