లిస్ట్ హెడర్‌లోంచి పోయిన ఒక్క లైను

2011 మే నెల. లినక్స్ కెర్నల్ 2.6.39 విడుదలై రెండు మూడు రోజులే అయింది, తర్వాతి వెర్షన్‌కు మార్పులు వచ్చి పడుతున్నాయి. ఎక్స్86 బిల్డ్ ఇప్పుడే నిక్షేపంలా ముగిసింది. అదే సోర్సు మీద ఇంకో ప్రాసెసర్ కోసం క్రాస్ కంపైలర్‌తో మళ్ళీ మేక్ కొట్టాం. టెర్మినల్‌లో లైన్లు జారిపోతూ, ఒక నెట్‌వర్క్ డ్రైవర్ దగ్గరికొచ్చి ఆగిపోయాయి. ప్రీఫెచ్ అనే ఫంక్షన్ డిక్లరేషన్ ఎక్కడా లేదంటోంది కంపైలర్.

ఫైలు తెరిచాం. ప్రీఫెచ్ కాల్ ఉంది. వచ్చిన ప్యాకెట్‌ను ముందే క్యాష్‌లోకి లాగడానికి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పైకి వెళ్ళి ఇన్‌క్లూడ్ లైన్లు ఒక్కొక్కటే చదివాం. ప్రీఫెచ్ హెడర్ లేదు. పాత వెర్షన్లు తిరగేస్తే, అప్పుడూ లేదు. మరి మొన్నటిదాకా ఎలా కంపైలైంది?

గిట్ లాగ్‌లో దొరికింది. లిస్టును నడిచే మాక్రోల్లోంచి ప్రీఫెచ్‌ను లైనస్ టోర్వాల్డ్స్ తీసేశారు. ఇప్పటి ప్రాసెసర్లు ఆ పని తామే చేసుకుంటాయి; పైగా పొట్టి లిస్టు చివర నల్ పాయింటర్‌ను ప్రీఫెచ్ చేయబోతే టీఎల్‌బీ మిస్ ఖర్చు మీద పడుతుంది. సరైన మార్పే. దానితో పాటే లిస్ట్ హెడర్‌లోంచి ప్రీఫెచ్ హెడర్ ఇన్‌క్లూడ్ కూడా పోయింది. మన డ్రైవర్ ఇన్నాళ్ళూ పెట్టుకు తిరిగింది ఎరువు సొమ్ము.

ఎక్స్86కు ఏమీ కాలేదేం? దాని ప్రాసెసర్ హెడర్‌లోనే సొంత ప్రీఫెచ్ ఉంది, అది వేరే దారిన ఈ ఫైల్లోకి వచ్చి చేరుతోంది. మన రెండో ప్రాసెసర్‌కు ఆ దారి లేదు. తప్పు డ్రైవర్ రాసిన నాటిదే. ఎక్స్86 దాన్ని ఇప్పటికీ కప్పిపెడుతూనే ఉంది. ఒక్క ఎక్స్86 మీద బిల్డ్ చేసి ప్యాచ్ పంపడం నాకెప్పుడూ మింగుడుపడదు. ఆ ఎర్రర్ మోసేది వేరే ఆర్కిటెక్చర్‌ను కనిపెట్టుకుని ఉన్న ఎవరో.

ప్రీఫెచ్ వాడుతూ హెడర్ చేర్చని ఫైళ్ళను టోర్వాల్డ్స్ గ్రెప్‌తో వెతికి సరిచేశారు. ఇంకా మిగిలిన నెట్‌వర్క్ డ్రైవర్లకు పాల్ గోర్ట్‌మేకర్ ఒక చిన్న స్క్రిప్టుతో ఆ లైను చేరుస్తారు. ఆ ప్యాచ్ వచ్చేదాకా ఆగకుండా మనమూ చేత్తో ఒక లైను చేర్చి, మేక్ కొట్టాం. ఈ ఫైలు దాటింది.

పక్క డ్రైవర్ దగ్గర ఆగింది. అదే ఎర్రర్.