గూని

‘గూను’ ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో కూన్, కన్నడంలో గూను. అన్నిటా వంపే అర్థం. గూను ఉన్నవారు గూని. మంథర పేరు పక్కన చేరి అది తిట్టయిపోయింది, అన్యాయంగా. అందుకే ఇంట్లో పెద్దవాళ్లను అలా అనడానికి నోరు రాక ‘నడుం వంగింది’ అంటాం. చాలామందిలో వంగేది నడుం కాదు, దాని పైనున్న వెన్ను.

డాక్టర్లు చెప్పే కైఫోసిస్‌కి మూలమైన గ్రీకు మాటకీ వంపనే అర్థం. నడుం పైనున్న వెన్నులో 20 నుంచి 40 డిగ్రీల వంపు సహజం. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు ముందువైపు నలిగితే అది పెరుగుతుంది. ఒంటి బరువు ముందుకు పడుతుంది, అడుగు చిన్నదవుతుంది, నడక మందగిస్తుంది. మామ్మ చీర అంచు ముందు నేలకు జీరాడుతూ వెనక పైకి లేస్తోందా? వయసని వదిలేయకుండా డాక్టరుకు చూపించండి. వెన్ను కండరాలకు తగిన వ్యాయామంతో కొంత వంపయినా తగ్గించవచ్చు.